లైకు కొట్టినవాళ్లంతా ప్రభుత్వమే

చినరేవు పురపాలక సంఘంలో నేను ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. పేరు భుక్తా సోమేశ్వరరావు, ప్రస్తుతం హెడ్‌గుమాస్తా. నా సర్వీసులో ఏడుగురు చైర్మన్లు ప్రమాణ స్వీకారం చేశారు. ఏడుగురూ ఆ రోజున గొప్ప గొప్ప మాటలు చెప్పారు. ఆరుగురి మాటల్ని మేం పట్టించుకోలేదు, అందుచేత ఊరు ఎలాగోలా నడిచింది. ఏడో ఆయన మాటను మాత్రం పొల్లుపోకుండా అమలు చేశాం.

ఆ ఏడో ఆయన ప్రద్యుమ్న గారు. వయసు ముప్పై నాలుగు. ఎన్నికల్లో ఆయన ఇల్లిల్లూ తిరిగింది తక్కువ, ఫోన్లో కనిపించింది ఎక్కువ. రోజుకో వీడియో పెట్టేవారు. చెత్తబండి తోస్తూ ఒక రోజు, హోటల్లో దోసె తిరగేస్తూ ఒక రోజు, వానలో గొడుగు లేకుండా నడుస్తూ ఒక రోజు. దోసె మాడిపోయిందని ఎవరో రాస్తే, మాడింది దోసె కాదు, పాత పాలన అని జవాబిచ్చారు. దానికి రెండు వేల లైకులొచ్చాయి. పోలింగు నాటికి ఆయన పేజీని పదకొండు వేల ఆరువందల నలభై రెండు మంది ఫాలో అవుతున్నారు. ఆయన గెలిచారు.

గెలిచాక మా ఆఫీసు మెట్ల మీద నిలబడి, ఫోను ఎత్తి పట్టుకుని, లైవులో ఇలా అన్నారు.

“మీరు లైకు కొట్టి ఊరుకుంటే నేనొప్పుకోను. ఈ క్షణం నుంచి నా పేజీలో ఉన్న ప్రతి ఒక్కరూ ఈ ప్రభుత్వంలో భాగస్వామి. పాలించేది నేను కాదు, మీరు.”

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా కమిషనరు త్రినాథ్ పట్నాయక్ గారు మాత్రం కొట్టలేదు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాటలు రాసుకుంటున్నారు.

పట్నాయక్ గారు నిజాయితీపరులు. ఎవరి దగ్గరా కప్పు టీ కూడా తాగరు. ఆయనలో ఉన్న లోపం ఒకటే: పెద్దలు ఏది చెప్పినా నిజంగానే చెప్పారనుకుంటారు. మర్నాడు నన్ను పిలిచి, చైర్మన్ గారి మౌఖిక ఆదేశం ఒకటి వచ్చిందనీ, దాన్ని మూడు రోజుల్లోగా రాతపూర్వకంగా ధ్రువీకరించుకోవాలనీ అన్నారు. ఇలాంటివి సంబరానికి అంటారండీ అని నేను మెల్లిగా చెప్పి చూశాను. సంబరానికి అన్న మాటకు నిబంధనల్లో వేరే పద్దు లేదని ఆయన జవాబిచ్చారు. నేను నోటు తయారుచేసి చైర్మన్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అప్పుడు కారులో కూర్చుని వీడియో తీసుకుంటున్నారు. కెమెరా వైపు చూస్తూనే సంతకం పెట్టారు. దాంతో అది ఆదేశమైంది.

ఆదేశం అయ్యాక ఇక ఆపేవాళ్లు లేరు. పదకొండు వేల ఆరువందల నలభై రెండు మందికీ సర్వీసు రిజిస్టర్లు తెరవమన్నారు. మేం ఆరుగురు గుమాస్తాలం మూడు వారాలు కూర్చుని తెరిచాం. చాలామందికి పేర్లు లేవు. ఒకరు ‘ఎర్ర గులాబీ’, ఒకరు ‘అమ్మ ముద్దుల కొడుకు’, ఒకరు ఉత్త మూడు చుక్కలు. మూడు చుక్కల గారి తండ్రి పేరు అనే గడిలో ఏం రాయాలో తెలీక నేను కమిషనరు గారి ముందు నోటు పెడితే, ‘వివరములు రావలసియున్నవి’ అని రాయమన్నారు. ఫోటోల దగ్గర మరీ చిక్కొచ్చింది. పాస్‌పోర్టు సైజు ఫోటో ఉండాలని నియమం. వాళ్లవేమో దేవుళ్లు, పసిపిల్లలు, సినిమా హీరోలు, ఒకాయనది ట్రాక్టరు. ట్రాక్టరు ముందు వైపు నుంచే ఉంది కాబట్టి ఆమోదించాం.

తరవాత సీనియారిటీ. ఎవరు పైన, ఎవరు కింద అనేది తేల్చకుండా ప్రభుత్వం నడవదు. ఎవరు ముందు లైకు కొడితే వారే సీనియరని కమిషనరు గారు తేల్చారు. ఆ లెక్కన అందరికన్నా ముందు నిలిచినవాడు ‘ఒంటరి సింహం’. పేజీ పెట్టిన తొలి రోజు ఉదయం ఆరూ రెండుకే లైకు కొట్టాడు. మా ఆఫీసులో మొదటి విభాగం తాగునీరు కాబట్టి ఆయన్ని తాగునీటి ప్రధాన భాగస్వామిగా నియమించాం. ఉత్తర్వు అందుకోమని ఫోను చేస్తే, ఆయన పూణేలో ఒక కొరియరు గోడౌనులో పనిచేస్తున్నారనీ, చినరేవు ఎప్పుడూ చూడలేదనీ, ఆ ఉదయం పళ్లు తోముకుంటుంటే బొటనవేలు తగిలిందనీ చెప్పారు. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నప్పటికీ నియామకం చెల్లుతుందని ఆయనకు జవాబు పంపాం.

ఇక భాగస్వాములు పాలించడం ఎలాగన్న ప్రశ్న వచ్చింది. ప్రతి పనినీ పేజీలో పెట్టాలి, మూడింట రెండు వంతుల మంది ఆమోదిస్తే చేయాలి, లేకపోతే లేదు. ఆమోదానికి గుర్తులేమిటని ఇంజినీరింగు విభాగం సందేహం లేవనెత్తింది. కమిషనరు గారు చెబుతుంటే ఆ సర్క్యులరు నేనే టైపు చేశాను.

‘ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, బొటనవ్రేలు గుర్తు మంజూరుగాను, ఎర్ర హృదయము గుర్తు అత్యవసర మంజూరుగాను, దండము గుర్తు చూచి సమర్పించడమైనదిగాను పరిగణింపబడును. నవ్వు ముఖము అసమ్మతిగా భావింపబడును. అట్టి అసమ్మతికి కారణములను మూడు ప్రతులలో జతపరచవలెను.’

ఆ వారంలో నూట పన్నెండు మంది పొరపాటున నవ్వారు. నూట పన్నెండు మెమోలు పంపాం.

పొట్నూరి మాణిక్యం మా ఆఫీసులోకి వచ్చింది ఆ రోజుల్లోనే.

మాణిక్యానిది మా గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టు. లామినేషను, పాస్‌పోర్టు ఫోటోలు కూడా అక్కడే. ముప్పై ఐదేళ్లుంటాయి. భర్త ఆటో నడుపుతాడు. ఒక్కతే కూతురు దివిజ, నాలుగో తరగతి. వాళ్లుండేది పప్పులవీధిలో. ఆ వీధిలో తాగునీటి గొట్టం మురుగుకాలవ లోపల్నుంచి పోతుంది. గొట్టం తుప్పు పట్టి అక్కడక్కడ చిల్లులు పడింది. కుళాయి తిప్పితే మొదటి పది నిమిషాలు వచ్చే నీళ్ల వాసన చెప్పుకునేది కాదు. ఎన్నికలప్పుడు ఆమె ప్రద్యుమ్న గారి పేజీలో, గెలిస్తే మా వీధి గొట్టం మార్చండన్నా అని రాసింది. దానికి ఆయన ఎర్ర హృదయం పెట్టారు. ఆ హృదయం చూసి ఆమె వీధిలో నూట నలభై ఇళ్లకీ తిరిగి, అందరి ఫోన్లలోనూ ఆ పేజీ పెట్టించింది. ఓట్లు కూడా వేయించింది.

ఆమెను తాగునీటి భాగస్వామిగా, పప్పులవీధి పరిధికి నియమించాం. ఉత్తర్వు అందుకున్న రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది. చేతిలో తన కుళాయి నీళ్లు పట్టిన సీసా ఉంది. నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి. కమిషనరు గారి బల్ల మీద ఆ సీసా పెట్టి, గొట్టం ఎప్పుడు మారుస్తారని అడిగింది.

పట్నాయక్ గారు ఆమెను కూర్చోమన్నారు. మర్యాదలో ఆయన ఎప్పుడూ లోటు చేయరు. నిన్నటిదాకా ఆమె పౌరురాలనీ, అప్పుడైతే అర్జీ పెట్టుకోవచ్చనీ, ఈ రోజు నుంచి ఆమె ప్రభుత్వమనీ వివరించారు. ప్రభుత్వం ప్రభుత్వానికే అర్జీ పెట్టుకోవడం కుదరదు. ఆమె తన పై అధికారికి ప్రాపర్ ఛానెల్లో రాయాలి.

ఆ పై అధికారి ఎవరని ఆమె అడిగింది.

“ఒంటరి సింహం గారు,” అన్నారు కమిషనరు. “పూణేలో ఉంటారు.”

మాణిక్యం నా వైపు చూసింది. నేను ఫైల్లోకి చూశాను.

అయినా ఆమె రాసింది. ఆ సింహం గారు కూడా మంచివారే. ఉత్తరం అందిన రోజే ఆమోదించి వెనక్కి పంపారు. ఫైలు మా అసిస్టెంట్ ఇంజినీరు ఖాదర్ వలి దగ్గరికి వెళ్లింది. ఖాదర్ వలి పని తెలిసిన మనిషి. అరవై మీటర్ల కొత్త గొట్టం ఏడాదిగా మా స్టోర్లోనే పడి ఉంది. మనుషుల్ని పెట్టి ఒక్క పూటలో వేసేస్తానన్నాడు. కానీ పని పేజీలో పెట్టి మూడింట రెండు వంతుల ఆమోదం తెచ్చుకోవాలి. అంటే ఏడు వేల ఏడువందల అరవై రెండు లైకులు.

పద్నాలుగు పేజీల అంచనా పత్రాన్ని మేం స్కాను చేసి పెట్టాం. అందులో నాలుగు పేజీలు తలకిందులుగా పడ్డాయి. వారంలో దానికి నలభై మూడు స్పందనలొచ్చాయి. ముప్పై తొమ్మిది బొటనవేళ్లు, మూడు దండాలు, ఒకటి ‘హ్యాపీ బర్త్‌డే అన్నా’. అదే వారం చైర్మన్ గారు ఒక లేగదూడకి గడ్డి పెడుతున్న వీడియో వచ్చింది. దానికి తొమ్మిది వేల లైకులొచ్చాయి. లైకులు నిర్ణీత సంఖ్యను దాటాయి కనుక దూడకి గడ్డి పెట్టే పని మంజూరైనట్టేనని కమిషనరు గారు భావించారు. మర్నాటి నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు రోజూ పొద్దున్నే వెళ్లి ఆ దూడకి గడ్డి పెట్టి, హాజరు వేయించుకుని వస్తున్నాడు.

మాణిక్యం మరో వారం ఆగింది. లైకుల కోసం కొట్టుకి వచ్చిన ప్రతి మనిషినీ బతిమాలింది. డెబ్బై ఒకటి దాకా వచ్చి ఆగిపోయాయి. అప్పుడు ఆమె తనే ఒక వీడియో తీసింది. అందులో అరుపుల్లేవు, తిట్లు లేవు. కుళాయి తిప్పి, గ్లాసులో నీళ్లు పట్టి, ఇవి మా పిల్లలు తాగే నీళ్లు అని చెప్పి, గ్లాసు గట్టు మీద పెట్టింది. అంతే. రెండు రోజుల్లో దాన్ని పంతొమ్మిది వేల మంది చూశారు.

ఆ పంతొమ్మిది వేల మందిలో కమిషనరు గారు కూడా ఉన్నారు. ఆయన చాలా నొచ్చుకున్నారు. ప్రభుత్వంలో ఉన్నవారు ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించకూడదని ప్రవర్తనా నియమావళి చెబుతుంది. పైగా ఆమె తాగునీటి భాగస్వామి. తాగునీరు బాగోలేదని ఆమె ప్రకటించడమంటే, తన విధుల్లో తాను విఫలమైనట్టు ఒప్పుకోవడం. ఈ రెండు నేరాల కిందా ఛార్జి మెమో తయారుచేయమన్నారు. నేను తయారుచేశాను. మంచి భాషలో ఉందని ఆయన మెచ్చుకున్నారు కూడా.

మెమో తీసుకుని నేనే రోడ్డు దాటి కొట్టుకి వెళ్లాను. కొట్టు మూసి ఉంది. పక్కన టైలరు చెప్పాడు, మాణిక్యం కూతురికి కామెర్లనీ, పెద్దాసుపత్రిలో చేర్చారనీ, పప్పులవీధిలో అలా ఇప్పటికి పదకొండు మంది పడ్డారనీ. మెమోను షట్టరుకి అంటించి, అంటించినట్టు టైలరు చేత సాక్షి సంతకం పెట్టించుకుని వచ్చాను. అదే పద్ధతి. ఆ పూట ఇంటికెళ్లి అన్నం దగ్గర కూర్చున్నాను గానీ, మంచినీళ్ల గ్లాసు ముట్టుకోబుద్ధి కాలేదు.

విచారణ వీడియో కాల్లో జరిగింది. విచారణాధికారి సీనియారిటీ ప్రకారం ఒంటరి సింహం గారే. ఆయన గోడౌనులో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నారు. మాణిక్యం, కూతురు ఆసుపత్రిలో ఉందని ముందే చెప్పి, అక్కడి వరండాలోంచి మాట్లాడింది. వీడియో మీరే తీశారా అని ఆయన అడగాలి, అవునని ఆమె అనాలి. అది అయ్యాక ఆయన, పాప ఎలా ఉందండీ అని అడిగారు. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయని ఆమె చెప్పింది. అన్నం తింటోందా అని అడిగారు. లేదంది. ఆయన కమిషనరు గారితో, సార్, ఈమెను వదిలేయండి, గొట్టం మార్చండి అన్నారు. విచారణాధికారి నిర్ధారణలు మాత్రమే ఇవ్వాలనీ, సలహాలు ఇవ్వరాదనీ పట్నాయక్ గారు గుర్తుచేశారు. పాప గురించిన ప్రశ్నలు విషయానికి సంబంధం లేనివిగా నమోదు చేయమని నాకు చెప్పారు. చేశాను. మాణిక్యాన్ని సస్పెండు చేశాం. సస్పెన్షనులో ఉన్న భాగస్వామి అనుమతి లేకుండా ఊరు విడిచి వెళ్లకూడదు, రోజూ పదిన్నరకి వచ్చి సంతకం పెట్టాలి, ఏ పనికీ లైకు కొట్టకూడదు.

ఆసుపత్రి నుంచి ఆమె రోజూ పదిన్నరకి వచ్చి సంతకం పెట్టి వెళ్లేది.

పప్పులవీధి ఆడవాళ్లు ఊరుకోలేదు. నలభై మంది ఖాళీ బిందెలతో మా గేటు ముందుకొచ్చి కూర్చున్నారు. కమిషనరు గారు బయటికొచ్చి, వాళ్ల ఆవేదన అర్థమైందనీ, అయితే పప్పులవీధి తాగునీటికి సంబంధించి ప్రభుత్వం ఈ భవనంలో లేదనీ, ఎదురుగా జిరాక్స్ కొట్టులో ఉందనీ శాంతంగా చెప్పారు. ఆ రోజున కొట్టు తీసి ఉంది. మందుల డబ్బుకోసమని మాణిక్యం ఒక పూట తీసింది. ఆడవాళ్లు బిందెలెత్తుకుని, రోడ్డు దాటి, కొట్టు ముందు కూర్చున్నారు. వాళ్లకి వేరే దారి తోచలేదు.

మాణిక్యం కౌంటరు వెనక నిలబడి వాళ్లనే చూసింది. అందరూ ఎరిగినవాళ్లే. అందరి ఫోన్లలోనూ ఆ పేజీ పెట్టించింది తనే. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె, నిన్ను నమ్మి వేశామే అమ్మా అంది. మాణిక్యం జిరాక్స్ మిషను ఆపింది. లోపల ఉన్న ప్లాస్టిక్ బిందె తీసుకుని బయటికొచ్చి, వాళ్ల పక్కనే, తన కొట్టుకి ఎదురుగా, కింద కూర్చుంది. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. నినాదాలిచ్చినప్పుడు తనూ ఇచ్చింది.

ప్రభుత్వంలో ఉండి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ధర్నాలో పాల్గొన్నందుకు మాణిక్యానికి రెండో మెమో తయారైంది; మిగతా నలభై మంది మెమోలు టైపులో ఉన్నాయి. ధర్నా ఎవరి మీద జరిగిందో, అందులో కూర్చున్నది కూడా వారే కనుక బాధితురాలి వాంగ్మూలం, ముద్దాయి వాంగ్మూలం ఒకే కాగితం మీద తీసుకోవచ్చా అని న్యాయ సలహాదారుని అడిగాం. విడివిడిగా తీసుకోవాలని సలహా వచ్చింది.

ఈ మెమో కూడా నేనే తీసుకెళ్లాలి. తీసుకెళ్లాను. మాణిక్యం దాన్ని చదవలేదు. మడిచి కౌంటరు మీద పెట్టి, రాజీనామా ఎవరికివ్వాలని అడిగింది. విచారణ పెండింగులో ఉండగా రాజీనామా ఆమోదించరని చెప్పాను.

“సార్,” అంది మెల్లిగా, “నాకీ గౌరవం ఒద్దు. మా పిల్ల అయిదు రోజుల్నుంచి మంచం దిగలేదు. మునపట్లాగ మామూలు మనిషినైపోడానికి ఏ కాయితం పెట్టాలో అది సెప్పండి, సాలు.”

ఇరవై ఆరేళ్లలో నన్నెవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. ప్రభుత్వంలోకి ఎలా రావాలని అడిగారు, ప్రభుత్వం దగ్గర్నుంచి ఏం తీసుకోవాలని అడిగారు. నేను కొంతసేపు అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. నేను టైపు చేసిన ఉత్తర్వులన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. మొట్టమొదటి ఉత్తర్వు రెండో పేరాలో నిర్వచనం ఉంది. భాగస్వామి అనగా చైర్మన్ గారి పేజీని ఫాలో అవుతున్న వ్యక్తి.

“ఇది నేను ఆఫీసు మనిషిగా చెప్పడం లేదమ్మా,” అన్నాను. “నీ ఫోను తీసి, ఆ పేజీ అన్‌ఫాలో చెయ్యి.”

ఆమె నన్ను నమ్మలేనట్టు చూసింది. తరవాత ఫోను తీసింది. ఒక్కసారి వేలు ఆనించింది. అంతటితో చినరేవు ప్రభుత్వంలో ఒకరు తగ్గారు. సస్పెన్షను, విచారణ, రెండు మెమోలు అన్నీ రాలిపోయాయి, ఎందుకంటే అవి తగులుకోవడానికి అక్కడ భాగస్వామి ఎవరూ లేరు.

ఆపై వచ్చిన సోమవారం అర్జీలు తీసుకునే రోజు. మాణిక్యం పౌరురాలిగా లైనులో నిలబడి అర్జీ ఇచ్చింది. తాగునీటి మీద పౌరులు ఇచ్చిన అర్జీని ఏడు రోజుల్లో పరిష్కరించాలని మా దగ్గర ఎప్పటిదో పాత నియమం ఒకటుంది. అదింకా బతికే ఉంది, రద్దు చేయాలని ఎవరికీ గుర్తు రాలేదు కనుక. భాగస్వాముల ఆమోదమేమో ప్రభుత్వం తనకు తాను తలపెట్టిన పనులకే గాని పౌరుల అర్జీలకు అక్కర్లేదు. కమిషనరు గారు అర్జీని రెండుసార్లు చదివి, తప్పేమీ కనబడక, ఖాదర్ వలికి రాశారు. ఖాదర్ వలి దానికోసమే తలుపు దగ్గర నిలబడి ఉన్నట్టున్నాడు. స్టోరు తాళం తీయించి, గొట్టాన్ని లారీ మీద వేయించుకుని వెళ్లాడు. సాయంత్రం నాలుగింటికల్లా పప్పులవీధిలో కొత్త గొట్టంలోంచి నీళ్లొచ్చాయి. పాత గొట్టాన్ని పైకి తీసినప్పుడు అది చేతుల్లోనే విరిగి ముక్కలైందట. ఆ ముక్కల్ని చూసి అతను కాలవ గట్టు మీద కూర్చుండిపోయాడని చెప్పారు.

దివిజ ఇంకో పన్నెండు రోజులకి ఇంటికొచ్చింది. మిగతా పదిమందీ కోలుకున్నారు. ఒకాయన మాత్రం కోలుకున్నాక కూడా కుళాయి నీళ్లు తాగడం లేదు.

మాణిక్యం ఏం చేసిందో పప్పులవీధి మొత్తానికి తెలిసింది, అక్కణ్నుంచి ఊరంతటికీ. ఫాలో అయితే మెమోలొస్తాయి, అన్‌ఫాలో అయితే పనులవుతాయి. అంతకన్నా ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మొదటి వారంలో రెండు వేల మంది వెళ్లిపోయారు. రెండో వారంలో అయిదు వేలు. సోమవారాల్లో లైను మా గేటు దాటి, ఆమె కొట్టు దాటి, పెట్రోలు బంకు దాకా వెళ్లేది. వీధి దీపాలు వెలిగాయి, చెత్త ఎత్తారు, శ్మశానం దారికి మట్టి పోశారు. నా సర్వీసులో ఊరు అంత బాగుపడటం చూడలేదు. చివరికి ఒంటరి సింహం గారు కూడా ఫోను చేసి, నేనూ వెళ్లిపోవచ్చా సార్ అని అడిగారు. ఆయనకు చినరేవులో అర్జీ పెట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా వెళ్లిపోయారు. పాప ఎలా ఉందని మాత్రం ఆ రోజూ అడిగారు.

నెల తిరిగేసరికి పేజీలో మిగిలింది నూట ఆరుగురు. చైర్మన్ గారు లేగదూడ వీడియో మళ్లీ పెట్టారు. ఈసారి దూడ కాస్త పెద్దదైంది. పదకొండు లైకులొచ్చాయి. ఆయన కమిషనరు గారిని పిలిచి, ప్రజలు ప్రభుత్వంలోంచి ఇలా మూకుమ్మడిగా వెళ్లిపోతుంటే మీరేం చేస్తున్నారని కోప్పడ్డారు. పట్నాయక్ గారు ఆ కోపాన్ని కూడా రాసుకున్నారు. ఆఫీసుకొచ్చి తలుపేసుకుని, రెండు గంటలు ఆలోచించి, మరో ఉత్తర్వు చెప్పారు. నేను టైపు చేశాను.

‘భాగస్వామ్య వ్యవస్థ నిరంతరాయముగా కొనసాగుటకుగాను, పురపాలక సంఘమునందలి సమస్త ఉద్యోగులు, స్వీపర్లు, వాచ్‌మెన్లతో సహా, గౌరవ చైర్మన్ గారి పేజీని తక్షణమే ఫాలో కావలెను. ప్రతిదినము ఉదయము పదిన్నర గంటలకు హాజరుపట్టీలో సంతకము చేయుటకు ముందు ఒక లైకు సమర్పించవలెను.’

మేం మూడువందల పన్నెండు మందిమి. లోగడ అభిమానులు ప్రభుత్వమయ్యారు. ఇప్పుడు ప్రభుత్వం అభిమానులైంది. చైర్మన్ గారికి రోజూ మూడువందల పన్నెండుకి తక్కువ కాకుండా లైకులొస్తున్నాయి. సెలవులో ఉన్నవాళ్లు కూడా ఇంటి దగ్గర్నుంచి కొడుతున్నారు. భాగస్వాములు నూటికి నూరు శాతం విధులకు హాజరవుతున్నారని మేం రాజధానికి నివేదిక పంపాం. అన్ని పురపాలక సంఘాలూ అనుసరించదగిన నమూనాగా ఉందని అక్కణ్నుంచి ప్రశంస వచ్చింది.

మొన్న ఎండాకాలంలో మా ఆఫీసు కుళాయిలు ఎండిపోయాయి. ఎక్కడో వాల్వు పట్టేసింది. నాలుగు రోజులు మరుగుదొడ్లలో కూడా చుక్క లేదు. మేమంతా భాగస్వాములం కనుక మాకు మేం అర్జీ పెట్టుకోకూడదు. లైకులతో మంజూరు చేయించుకుందామంటే, ఆఫీసులో నీళ్లు లేవన్న మాట పేజీలో పెట్టడం ప్రభుత్వాన్ని విమర్శించడం కిందికి వస్తుంది. నాలుగో రోజు పదకొండింటికి కమిషనరు గారు లేచి, పదండి అన్నారు. ఆయనా, నేనూ, ఖాదర్ వలీ రోడ్డు దాటాం.

కొట్టులో నలుగురున్నారు. కమిషనరు గారు లైనులో అయిదోవారుగా నిలబడ్డారు. ఎవరూ దారివ్వలేదు, ఆయనా అడగలేదు. మా వంతు వచ్చాక, రెండు పేజీల అర్జీ ముసాయిదా మాణిక్యం చేతికిచ్చారు. ఊళ్లో ఏ పౌరురాలైనా దాని మీద సంతకం చేస్తే స్వీకరించడానికి తమకు అభ్యంతరం లేదని అన్నారు. ముసాయిదా రాసింది నేనే. బాగానే రాశానని అనుకున్నాను.

మాణిక్యం మొదటి పేజీ సగం చదివి తలెత్తింది.

“ఇంతకీ నీళ్లు వస్తన్నాయా, రాటం లేదా సార్?”

పట్నాయక్ గారు నా వైపు చూశారు. నేను ఫైలు తేలేదు.

“రావడం లేదమ్మా,” అన్నారు.

ఆమె మా కాగితాలు పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం తీసుకుని, మునిసిపలాఫీసుకి నాలుగు రోజుల్నుంచి నీళ్లు రాటం లేదు, బాగు చెయ్యండి అని రాసి, కింద తన పేరు పెట్టింది. ఒక జిరాక్స్ తీసి మాకిచ్చి, అసలు కాగితం కూడా ఇచ్చింది. ఇంతేనా అని కమిషనరు గారు అడిగారు. ఇంతేనండి, వెనకాల మనుషులున్నారు అంది.

మధ్యాహ్నం రెండింటికల్లా ఖాదర్ వలి వాల్వు బాగు చేశాడు. ఆ అర్జీని ఫైల్లో పెట్టబోతే పట్నాయక్ గారు ఇవ్వలేదు. తన బల్ల అద్దం కింద, అందరికీ కనపడేలా పెట్టుకున్నారు. రోజుకి ఒకటి రెండుసార్లు దాని మీద చేయి ఆనించి చదువుకుంటున్నారు. ఎందుకని నేను అడగలేదు. అభిమానిని కదా, అడిగితే విమర్శ అవుతుంది. ఆయనా చెప్పలేదు. ఆయన కూడా అభిమానే.